థాయ్‌లాండ్‌లో అద్దె బైకు ఎక్కేముందు: మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జనవరిలో నలుగురు స్నేహితులు విజయవాడ నుంచి చియాంగ్ మాయ్ వెళ్లి, అక్కడ బళ్లు అద్దెకు తీసుకుని ఐదు రోజుల్లో మే హాంగ్ సాన్ లూప్, అంటే అక్కడి కొండల్లో తిరిగి చియాంగ్ మాయ్‌కే చేరే ఘాట్ రోడ్డు, చుట్టి రావాలనుకుంటున్నారు. ఇద్దరికి 300 సీసీ బైకులు, ఇద్దరికి స్కూటర్లు. ఫ్లైట్ టికెట్ కొనేటప్పుడే ఒక టిక్కు పెట్టి ఇన్సూరెన్స్ తీసేసుకున్నారు. యాక్సిడెంట్ అయితే అది సరిపోతుందా అని అడిగారు. మీలో ఒకాయనకు 52 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. ఇంకొకరికి కారు లైసెన్స్ మాత్రమే ఉంది. "అక్కడ స్కూటరే కదా, ఎవరూ అడగరు" అంటున్నారట.

ముందు ఆ కారు లైసెన్స్ మిత్రుడి సంగతి మాట్లాడతాను. మిగతాదంతా దాని తర్వాతే. నేను ఒక జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల సెక్షన్‌లో 22 ఏళ్లు పనిచేశాను. బండి మీద తిరగడం నాకూ ఇష్టమే, ఆ లూప్ నేనూ రెండుసార్లు చుట్టాను. కాబట్టి మిమ్మల్ని వెళ్లొద్దనడానికి ఇది రాయడం లేదు.

ఎవరూ అడగరన్నది సగం నిజం. అద్దెకిచ్చేవాడు అడగడు, చాలాచోట్ల పాస్‌పోర్ట్ చూసి తాళం చేతిలో పెట్టేస్తాడు. పోలీసులు ఆపితే ఆపుతారు, లేకపోతే లేదు. కానీ ఆసుపత్రి బిల్లు వచ్చాక ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి కాగితం లైసెన్స్. గుంటూరు వైపు కుర్రాడొకడు ఆ లూప్ మీదున్న పాయ్ అనే ఊరి దగ్గర మలుపులో ఇసుక మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. వేగం లేదు, తాగలేదు, హెల్మెట్ ఉంది. పాలసీ కూడా మంచిదే. చేతిలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉంది. కానీ అందులో ముద్ర కారు గడిలో ఉంది, మోటార్ సైకిల్ గడి ఖాళీ. క్లెయిమ్ పోయింది. వాళ్ల నాన్నగారు ఫైలు పట్టుకుని మా ఆఫీసుకు మూడుసార్లు వచ్చారు. "మా వాడి తప్పు ఏముందండీ, రోడ్డు మీద ఇసుక ఉంటే?" అని అడిగేవారు. తప్పెవరిదన్న ప్రశ్న దాకా ఆ ఫైలు వెళ్లనే లేదు. ఆ బండి నడిపే అర్హత లేని మనిషి నడిపాడు అన్న ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఆయన మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దేశం ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఉంటుంది. థాయ్‌లాండ్ దాన్ని ఒప్పుకుంటుంది. అందులో వాహనాల తరగతులకు ఏ, బీ, సీ, డీ, ఈ అని గడులుంటాయి. ఏ అంటే మోటార్ సైకిళ్లు, బీ అంటే కార్లు. ఆర్‌టీఏ ఆఫీసులో మీ లైసెన్స్‌లో ఉన్న తరగతులను బట్టే ముద్ర వేస్తారు. పర్మిట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి ఏ గడిలో ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఫీజు 1000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చాలదు, మన ఒరిజినల్ లైసెన్స్ కూడా పక్కన ఉండాలి.

ఇంకో మెలిక ఉంది. మన లైసెన్స్‌లో గేరు ఉన్న బండి, గేరు లేని బండి అని రెండు వేరు తరగతులు. గేరు లేని తరగతి మాత్రమే ఉన్నవాళ్లు 300 సీసీ బైకు ఎక్కితే మళ్లీ అదే సమస్య. థాయ్‌లాండ్‌లో అద్దెకు దొరికే చిన్న బళ్లలో చాలా వాటికి క్లచ్ ఉండదు, గేర్లు మాత్రం ఉంటాయి. స్కూటర్‌లాగే ఉంది కదా అనుకుని వాటిని తీసుకోకండి.

మీ మిత్రుడికి ఇంకా టైముంది. ఈ వారమే టూ వీలర్ గేరు తరగతికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోమనండి. 30 రోజులు గడిచాక టెస్టుకు వెళ్లొచ్చు. అది పాసయ్యాక పర్మిట్ తీసుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ మీద ఇంటర్నేషనల్ పర్మిట్ ఇవ్వరు. అది కుదరకపోతే మీలో ఒకరి వెనక కూర్చుని రమ్మనండి. వెనక కూర్చునేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు. కాకపోతే కొన్ని పాలసీల్లో "నడిపినా, వెనక కూర్చున్నా" అని రెండూ కలిపి మినహాయిస్తారు, అది కూడా చూసుకోవాలి.

చియాంగ్ మాయ్‌లో ఒక మాట వినిపిస్తుంది: పోలీసులు ఫైన్ వేసి ఇచ్చిన రసీదు ఉంటే మూడు రోజులు దర్జాగా తిరగొచ్చని. ఆ రసీదు చూసి పోలీసులు మళ్లీ ఆపకపోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ దృష్టిలో మాత్రం అది లైసెన్స్ లేకుండా నడిపారనడానికి మీ చేత్తో మీరే ఇచ్చిన సాక్ష్యం.

ఇప్పుడు అసలు ప్రశ్న. టికెట్‌తో పాటు టిక్కు పెట్టి కొనే ప్లాన్లు చాలావరకు ఫ్లైట్ ఆలస్యం, బ్యాగు పోవడం లాంటి వాటికోసం చేసినవి. వైద్య ఖర్చు ఉన్నా పరిమితి చిన్నదిగా ఉంటుంది. మీ ఈమెయిల్‌కు వచ్చిన సర్టిఫికెట్ ఒక పేజీయే అయ్యుంటుంది. దానికి అసలు ఆధారం పాలసీ వర్డింగ్ అనే పెద్ద పీడీఎఫ్, ముప్పై నలభై పేజీలు. దాన్ని దించుకోండి. "ఎంత కవర్" అన్న పట్టిక చూడటం తర్వాత, ముందు మినహాయింపుల పేజీకి వెళ్లండి. మోటార్ సైకిల్, టూ వీలర్, అడ్వెంచర్ స్పోర్ట్స్, హజార్డస్ యాక్టివిటీ, సీసీ, లైసెన్స్, హెల్మెట్, ఆల్కహాల్ - ఈ మాటలు ఒక్కొక్కటీ సెర్చ్‌లో కొట్టి చూడండి. కొన్ని పాలసీలు బైకు నడపడాన్ని అసలు ఒప్పుకోవు. కొన్ని ఫలానా సీసీ వరకే ఒప్పుకుంటాయి, అదే జరిగితే మీ నలుగురిలో స్కూటర్ల ఇద్దరికే కవర్ ఉండి, 300 సీసీ ఇద్దరికీ లేకుండా పోతుంది. కొన్ని అక్కడి చట్టం ప్రకారం లైసెన్స్, హెల్మెట్ ఉంటే చాలంటాయి. ఒకే కంపెనీ అమ్మే రెండు ప్లాన్లలో ఈ నిబంధన రెండు రకాలుగా ఉండటం నేనే చూశాను.

పాలసీలో బైకు మాటే ఎక్కడా లేకపోతే ఉందనుకోకండి, లేదనుకోకండి. కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో కాల్ సెంటర్ వాళ్లు "ఉంటుంది సార్" అన్న మాట రేపు ఫైల్లో కనపడదు. ఈమెయిల్‌లో ఇలా సూటిగా అడగండి: ఈ పాలసీ నంబరు మీద, ఈ తేదీల్లో, థాయ్‌లాండ్‌లో, సరైన తరగతి లైసెన్స్, ఇంటర్నేషనల్ పర్మిట్‌తో, హెల్మెట్ పెట్టుకుని, 300 సీసీ అద్దె బైకును తారు రోడ్డు మీద సరదా ప్రయాణంగా నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగితే, ఆసుపత్రి ఖర్చు, తరలింపు ఖర్చు, మరణం లేదా వైకల్యం పరిహారం చెల్లిస్తారా? ఏ క్లాజు ప్రకారం? వచ్చిన జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే ఆ పాలసీ వదిలేసి ఇంకోటి చూసుకోండి. ఇదంతా ఇండియాలో ఉండగానే కావాలి. మన కంపెనీల ట్రావెల్ పాలసీలు సాధారణంగా దేశం దాటాక కొనలేం.

చాలామంది గందరగోళపడేది ఇంకో దగ్గర. బండి కింద పడితే మూడు రకాల నష్టాలు వస్తాయి. మీ ఒంటికి దెబ్బ, బండికి దెబ్బ, ఎదుటివాళ్లకు దెబ్బ. ట్రావెల్ పాలసీ చూసేది మొదటిదాన్నే. "పర్సనల్ లయబిలిటీ" అని పట్టికలో లక్ష డాలర్లు కనిపిస్తే ఎదుటివాళ్లకు జరిగిన నష్టం అందులోంచి ఇస్తారనుకుంటారు. ఆ విభాగం కింద ఉన్న మినహాయింపులు చదివితే మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యత దానికి వర్తించదని దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. హోటల్ గదిలో పొరపాటున ఏదైనా పగలగొడితే పనికొచ్చే విభాగం అది, రోడ్డు మీద కాదు.

ఎదుటివాళ్ల సంగతి బండి సొంత ఇన్సూరెన్స్ మీద ఆధారపడుతుంది. థాయ్‌లాండ్‌లో ప్రతి వాహనానికీ తప్పనిసరి ఇన్సూరెన్స్ ఒకటుంది, అక్కడివాళ్లు దాన్ని పో రో బో అంటారు. తప్పెవరిదని చూడకుండా మొదటి వైద్య ఖర్చు కింద మనిషికి 30,000 బాత్‌ల వరకు ఇస్తుంది. ప్రమాదం ఎవరి వల్ల జరిగిందో తేలాక, తప్పు లేనివాళ్లకు పరిమితి పెరుగుతుంది. అది మనుషులకే. ఎదుటి కారు తలుపు, దుకాణం షట్టరు, మీ అద్దె బండి ట్యాంకు, ఇవేవీ అందులోకి రావు. వాటికి యజమాని విడిగా ఇన్సూరెన్స్ కట్టి ఉండాలి. చిన్న స్కూటర్లకు చాలామంది కట్టరు. పెద్ద బైకులు అద్దెకిచ్చే కొన్ని దుకాణాల్లో రోజుకు కొంత అదనంగా కడితే కవర్ ఇస్తారు. అది నిజంగా ఇన్సూరెన్స్ పాలసీయా, లేక ఇంతవరకు మేం పట్టించుకోం అన్న దుకాణం హామీయా అని అడగండి. హామీ అయితే కాగితం మీద రాయించుకోండి, మీ జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుందో అంకె వేయించుకోండి.

బండి తీసుకునేటప్పుడు దాని మీద అంటించిన పన్ను స్టిక్కర్ చూడండి. దాని మీద సంవత్సరం 2569 లాగా కనిపిస్తుంది, అది బౌద్ధ శకం. అందులోంచి 543 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది, అంటే 2026. అక్కడ పన్ను కట్టాలంటే పో రో బో ఉండాలి కాబట్టి, పన్ను గడువు దాటిన బండికి అదీ లేదనే అనుకోవాలి. అలాంటి బండి ఎంత మెరుస్తున్నా వద్దు.

డిపాజిట్‌గా పాస్‌పోర్ట్ ఇవ్వకండి. డబ్బు ఇవ్వండి, పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇవ్వండి. బండికి గీత పడితే వాళ్లడిగినంత ఇచ్చేదాకా పాస్‌పోర్ట్ బయటికి రాదు. మీరు ఆసుపత్రిలో ఉంటే అడ్మిషన్‌కూ, తిరుగు ప్రయాణానికీ కావలసింది కూడా అదే. తాళం తీసుకునే ముందు బండి చుట్టూ తిరిగి వీడియో తీయండి, దుకాణం మనిషి కూడా అందులో కనపడేలా.

మీ సొంత బైకు పాలసీ గురించి కూడా అడిగారు. అది థాయ్‌లాండ్‌లో పనిచేయదు. మన మోటార్ పాలసీ ఇండియా వరకే. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు మాత్రం పొడిగించుకోవచ్చు. మీ బైకు పాలసీతో వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా మీ సొంత బండికి సంబంధించింది, అక్కడి అద్దె బైకుకు రాదు. విడిగా కొన్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే అది వేరు. వాటిలో ప్రపంచమంతా చెల్లేవి ఉంటాయి. ఇల్లు నడిపే మనిషి మీ నలుగురిలో ఎవరైనా ఉంటే నేను చేయించమనేది అదే. ట్రావెల్ పాలసీ ఆసుపత్రి గడప దాటిస్తుంది, ఆరు నెలలు పనికి వెళ్లలేకపోతే ఇంటి ఖర్చు దానికి పట్టదు.

లూప్ గురించి ఒక మాట. మొత్తం ఆరువందల కిలోమీటర్లు. మలుపులు 1,864 అని అక్కడ గర్వంగా చెప్పుకుంటారు. చియాంగ్ మాయ్ నుంచి పాయ్ వెళ్లే 1095 నంబరు రోడ్డు మీదే 762. రోడ్డు బాగుంటుంది, మనలాగే ఎడమవైపు నడుపుతారు. శ్రీశైలం ఘాట్, అరకు ఘాట్ చూసినవాళ్లకు కొత్తేం కాదు, కాకపోతే అక్కడ అది పూర్తి కావడానికి రోజులు పడుతుంది. జనవరి తెల్లవారుజామున కొండల మీద మంచు పరుచుకుని ఉంటుంది, ఎనిమిది దాటాక బయలుదేరండి. ఈ భూగోళమంతా ఎందుకు చెప్తున్నానంటే, తలకు దెబ్బ తగిలితే చూసే పెద్ద ఆసుపత్రులు చియాంగ్ మాయ్‌లోనే ఉన్నాయి. పాయ్ నుంచే మామూలుగా మూడు గంటల దారి, మే హాంగ్ సాన్ నుంచి ఇంకా ఎక్కువ. అందుకే మీ పాలసీలో మెడికల్ ఎవాక్యుయేషన్, అంటే పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు, అన్న లైను చాలా ముఖ్యం. దాన్ని కంపెనీ తాలూకు అసిస్టెన్స్ వాళ్లు (విదేశాల్లో ఆపదలో ఫోన్ చేస్తే సాయం చేసే విభాగం) ఏర్పాటు చేయాలి, లేదా ముందుగా ఒప్పుకోవాలి. కంగారులో మీరే అంబులెన్స్, ఆపైన విమానం మాట్లాడేసుకుని బిల్లు పంపితే, మేం అనుమతి ఇవ్వలేదన్న జవాబు రావచ్చు.

కాబట్టి అసిస్టెన్స్ నంబరు నలుగురి ఫోన్లలోనూ ఉండాలి, ఒక కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులోనూ ఉండాలి. పడ్డవాడి ఫోను పగిలిపోతుంది, నేను చూసిన సగం కేసుల్లో అదే జరిగింది. అత్యవసర అంబులెన్స్‌కు 1669, టూరిస్ట్ పోలీసులకు 1155. ముందు ప్రాణం, ఆసుపత్రిలో చేరగానే అసిస్టెన్స్‌కు ఫోన్. చాలా పాలసీల్లో 24 గంటల్లో చెప్పాలని ఉంటుంది. క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, దొరికేది కూడా ఆ ఫోన్ ద్వారానే. చేతి డబ్బు కట్టాల్సి వస్తే ప్రతి బిల్లుకూ విడి రసీదు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో అడిగి తీసుకోండి. పోలీస్ రిపోర్ట్ తప్పనిసరి. చిన్న దెబ్బే కదా అని రోడ్డు మీద డబ్బిచ్చి రాజీ పడి వెళ్లిపోయిన కేసులో, రెండ్రోజులకు వాపు పెరిగి ఆసుపత్రిలో చేరితే, అసలు ప్రమాదం జరిగిందనడానికే ఆధారం దొరకలేదు.

మందు విషయం సూటిగా చెప్తాను. మన చట్టంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు హద్దు, థాయ్‌లాండ్‌లో సాధారణంగా 50. కానీ చాలా పాలసీల్లో హద్దు అంకె ఉండదు, మద్యం ప్రభావంలో ఉంటే అని మాత్రమే ఉంటుంది. అక్కడి పోలీసు వదిలేసినంత మాత్రాన కంపెనీ వదలదు, ఆసుపత్రి కేస్ షీట్‌లో డాక్టర్ రాసిన ఒక్క మాట చాలు. బండి ఆ రోజుకు స్టాండ్ వేశాకే బీరు, మధ్యాహ్నం భోజనంతో కూడా వద్దు.

బీపీ ఉన్న మిత్రుడి గురించి. పాలసీ కొనేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయమనండి. ప్రీమియం కాస్త పెరుగుతుందేమో, పెరగనివ్వండి. బైకు ప్రమాదానికీ బీపీకీ సంబంధం లేదు కదా అని మీకనిపిస్తుంది. కళ్లు తిరిగి పడ్డాడా, బండి జారి పడ్డాడా అని ప్రశ్న రావడానికి ఆస్కారం అక్కడే ఉంటుంది, ముందే రాయకపోతే దాచారన్న మాట కూడా తోడవుతుంది.

మొత్తం ఎంతకు తీసుకోవాలంటే, నా సలహా బైకు ట్రిప్‌కు లక్ష డాలర్ల వైద్య కవర్‌కు తగ్గొద్దని. 50,000కూ దీనికీ ప్రీమియం తేడా మీ ఒక రోజు బండి అద్దె అంత కూడా ఉండకపోవచ్చు. డిడక్టబుల్ ఎంతో చూడండి, క్లెయిముకు వంద డాలర్లంటే ఆ వంద మీ చేతిది. గది అద్దెకు, ఆపరేషన్‌కు విడి పరిమితులు పెట్టిన ప్లాన్ అయితే పైన కనిపించే లక్షను నమ్మకండి. తిరిగొచ్చాక ఫిజియోథెరపీ, ఎముకకు వేసిన ప్లేట్లు తీయించడం లాంటివి సాధారణంగా ట్రావెల్ పాలసీలో రావు, అవి మీ ఇక్కడి హెల్త్ పాలసీ చూడాలి. హెల్త్ పాలసీ లేకపోతే ట్రిప్‌కు ముందే తీసుకోండి. కొత్త పాలసీలో క్లెయిమ్ ఇవ్వని మొదటి 30 రోజుల వెయిటింగ్ ప్రమాదాలకు వర్తించదు.

ఇక్కడ చదివేవాళ్లలో వియత్నాం హా జాంగ్ వైపు వెళ్దామనుకునేవాళ్లు ఇదంతా అక్కడికి వర్తింపజేయకండి. వియత్నాం 1968 నాటి వియన్నా ఒప్పందంలో ఉంది, మన పర్మిట్ 1949 నాటిది, అక్కడ అది చెల్లదు. ఏ గడిలో ముద్ర ఉన్నా సరే, మనం నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. అక్కడ ఈజీ రైడర్ అని స్థానికుడు నడుపుతుంటే మనం వెనక కూర్చునే పద్ధతి ఉంది, హా జాంగ్‌లో చాలామంది అలాగే వెళ్తారు. కొండలు ఇంకా బాగా కనపడతాయి కూడా.

అన్నీ సరిగ్గా ఉండి కూడా క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. మొదట కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ అనే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఇందాక చెప్పిన ఆ ఈమెయిల్ జవాబు ఉంటే అప్పుడు మీ చేతిలో ఉన్న అన్ని కాగితాల కన్నా బలమైంది అదే.

మీ పాలసీ వర్డింగ్‌లో మోటార్ సైకిల్ మాట ఉన్న పేరా ఇక్కడ పెట్టండి, పాలసీ నంబరు, పేర్లు చెరిపేసి. అది చదివి 300 సీసీ ఇద్దరికీ సరిపోతుందో లేదో చెప్తాను. మీ మిత్రుడు ఎల్‌ఎల్‌ఆర్‌కు స్లాట్ బుక్ చేశాడో లేదో కూడా రాయండి.